ఆరోగ్యవరం పొరుగున ఈ అప్పగింతా?

ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం తీర్మానించిన పది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మదనపల్లె ఒకటి. ఆ జాబితా రాసినవారికి ఆ ఊరి పొలిమేరలోనే ఉన్న ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి గుర్తుకు రాలేదంటే అది ఆషామాషీ మరపు కాదు. భాగస్వామ్యం అన్న మాటను మదనపల్లె కొత్తగా వినడం లేదు. నూరేళ్ల కిందటే ఆచరించి చూపింది.

వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో స్థాపించిన క్షయ శానటోరియం ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ దశాబ్దాల పాటు దానిని నడిపారు. క్షయను అణచే తొలి మందు స్ట్రెప్టోమైసిన్ ఇంకా పుట్టని ఆ రోజుల్లో వైద్యమంటే ప్రధానంగా గాలి, వెలుతురు, విశ్రాంతి, కడుపునిండా తిండే. తెరిచిన వరండాలో వరుసగా మంచాలు, మంచం పక్కన కఫం పట్టడానికి మూత ఉన్న పాత్ర, నెలల తరబడి కదలకుండా పడుకున్న రోగి, అయినవాళ్లే దగ్గరికి రావడానికి జంకే ఆ రోగిని రోజూ పలకరించే నర్సు: శానటోరియం వైద్యమంటే అదే. 1939లో జాతీయ క్షయ నివారణ సంఘం ఏర్పడినప్పుడు దాని వైద్య కమిషనర్ బాధ్యత మోల్లర్‌కే దక్కింది. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా ఈ దేశంలో అడుగుపెట్టిన 1948 నాటి తొలి ప్రయత్నాల్లో మదనపల్లెది ముఖ్యస్థానం. 1950-55 మధ్య చుట్టుపక్కల పల్లెజనానికి ఎక్స్‌రేలు తీసి, ఎవరిలో జబ్బు దాగి ఉందో వెతికి, మోల్లర్ కుమారుడు యోహానెస్ సాగించిన అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక ప్రచురించింది. జబ్బుపడ్డవాడు గడప తొక్కేదాకా ఆగకుండా ఆసుపత్రే పల్లెకు వెళ్లిందన్నమాట.

ఖజానాలో డబ్బు లేదని, ప్రైవేటు చేయి పడితే పనులు త్వరగా తెములుతాయని, యాజమాన్య హక్కు ప్రభుత్వానిదేనని ఏలికలు అంటున్నారు. ఆరోగ్యవరం మాత్రం సర్కారుదా అని ఎదురు ప్రశ్నించేవారూ ఉన్నారు. కాదు, నిజమే. కానీ అక్కడ చేతులు కలిపిన మిషన్లలో లాభం పంచుకోవడానికి వచ్చినది ఒక్కటీ లేదు. మిగిలిన ప్రతి రూపాయీ మళ్లీ రోగి మంచం దగ్గరికే చేరింది. నేటి ఒప్పందంలో మిగులు ఎవరి జేబులోకి వెళ్తుందన్న ఒక్క ప్రశ్నకు సూటి జవాబు రానంతకాలం ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం ఆ పాత సేవకు అవమానం.

మా భయం ఈ ఒక్క కళాశాల గురించి కాదు, అది వేసే దారి గురించి. నేడు వైద్య కళాశాలను అప్పగించడం తప్పు కాదంటే, రేపు జిల్లా ఆసుపత్రిని, ఎల్లుండి ఏరియా ఆసుపత్రిని, ఆ తర్వాత మండల ఆరోగ్య కేంద్రాన్ని అప్పగించడం తప్పని చెప్పడానికి ఏ ప్రభుత్వానికీ నోరు రాదు. ఆ దారికి తొలి గుంత తవ్వింది ఒక్క పార్టీ కాదు. కొత్త ప్రభుత్వ కళాశాలల్లో సగం సీట్లను లక్షల ఫీజులకు అమ్మేందుకు 2023లో 107, 108 జీవోలు తెచ్చినవారు ఇవాళ ప్రైవేటీకరణపై వీధికెక్కారు. ఆ జీవోలను రద్దుచేస్తామని నాడు ఊరూరా మాటిచ్చినవారు ఇవాళ ఏకంగా కళాశాలలనే అప్పగిస్తున్నారు. కుర్చీ మారగానే మాట మార్చిన ఈ రెండు పక్షాలకూ మదనపల్లె పేరెత్తే అర్హత లేదు.

తంబళ్లపల్లె నుంచో బి.కొత్తకోట నుంచో తొలి బస్సెక్కి వచ్చి, ఓపీ చీటీ పిడికిట్లో నలిగేదాకా వరుసలో నిలబడే ముసలాయన ఈ ఒప్పందంలో ఏ పేజీలో ఉన్నాడు? ఏ పరీక్షకు ఎంత కట్టాలో, ఏ మంచం ఉచితమో, కాదంటే ఎవరిని నిలదీయాలో తెలుగులో రాసి ఆ ఓపీ గది గోడకు అంటించండి. ఆ పని చేయడానికి ధైర్యం చాలకపోతే, సంతకం పెట్టడానికి మీకు ఎక్కడి నుంచి వచ్చింది?