అందరికీ స్వాగతం, చేతులు వెనక్కి

2022 ఆగస్టులో ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ మ్యూజియం మండలి సమావేశమై, మ్యూజియం అంటే ఏమిటో కొత్తగా నిర్వచించింది. అంతకు మూడేళ్ల ముందు క్యోటోలో ఇదే పనికి కూర్చొని, మాట కుదరక వాయిదా వేసుకున్న పెద్దలే ఈసారి తొంభై శాతానికి పైగా ఓట్లతో ఏకమయ్యారు. మ్యూజియం అందరికీ తెరిచి ఉండాలట, అందరికీ అందుబాటులో ఉండాలట, అందరినీ కలుపుకుపోవాలట. ఇంతటి ప్రమాదం ముంచుకొస్తుంటే తిరుపతి, చిత్తూరు జిల్లాల మేధావులు నోరు మెదపకపోవడం నన్ను కలచివేసింది. ఎవరో ఒకరు మాట్లాడాలి కనుక నేను మాట్లాడుతున్నాను.

తిరుపతిలో మనిషికి మనిషి తగలకుండా నిలబడగలిగే చోట్లు ఎన్ని ఉన్నాయో పాఠకులే లెక్క వేసుకోవాలి. బస్టాండులో సాధ్యం కాదు, రైల్వే స్టేషన్లో కాదు, అలిపిరి దగ్గర అసలే కాదు. కొండకు రోజూ అరవై డెబ్బై వేల మంది వస్తూ పోతూ ఉండే ఊళ్లో, ఫ్యాను కింద కుర్చీ వేసుకున్న కాపలాదారు తప్ప మరో ప్రాణి కనిపించని చల్లని హాలు మ్యూజియంలోనే దొరుకుతుంది. విజయనగర రాజులు కూడా అనుభవించని ఈ ఏకాంతాన్ని శతాబ్దాల శ్రమతో సంపాదించుకున్నాం. అందరినీ కలుపుకుపోవడం పేరుతో దీన్ని కూడా పోగొట్టుకుందామా?

నిజానికి మన మ్యూజియాలు సమానత్వాన్ని ఎప్పుడో సాధించాయి. సాక్ష్యం కావాలంటే ఏదైనా ఒక లేబులు చదవండి. ‘దేవి. సమభంగ స్థానకం. కరండ మకుటం, కుచబంధం. కుడిచేయి కటకహస్తం, ఎడమచేయి లోలహస్తం. నల్లరాయి. సుమారు 16వ శతాబ్ది. శిల్పి: అజ్ఞాతం.’ దీని ముందు తెలుగు ఎం.ఏ. చదివినవారు, వేలిముద్ర వేసేవారు, వేలూరు నుంచి వచ్చిన తమిళులు, కోలారు నుంచి వచ్చిన కన్నడిగులు భుజం భుజం కలిపి నిలబడి, ఒకే స్థాయిలో ఏమీ అర్థం చేసుకోకుండా ముందుకు కదులుతారు. కులం, మతం, భాష, చదువు అనే తేడా లేకుండా అందరినీ ఒక్క చూపుతో బయట నిలబెట్టిన వాక్యం ఇది. దీన్ని సరళం చేయాలనేవారు సమానత్వానికి శత్రువులు.

వారి వాదన నాకు తెలుసు. ‘కటకహస్తం’ అని రాసి ఊరుకోకుండా, అమ్మవారి వేళ్లు అలా వలయంగా వంచింది పువ్వు పట్టుకోవడానికనీ, పూజలో ఉన్న రోజుల్లో ఆ సందులో నిజమైన పువ్వు పెట్టేవారనీ రాయవచ్చు కదా అంటారు. రాయవచ్చు. దానివల్ల ఏం జరుగుతుందో వారికి తెలియదు.

పూతలపట్టు వైపు పల్లె నుంచి తిరుపతి వచ్చిన ఒక అవ్వను ఊహించుకోండి. దర్శనం అయింది, బస్సుకు ఇంకా వేళ ఉంది, మనవరాలు పట్టుబట్టి మ్యూజియానికి తీసుకొచ్చింది. అవ్వ గడప దగ్గరే చెప్పులు విడిచింది. అడుగడుగునా చేతులు జోడిస్తూ నడిచింది. ఆ దేవి ముందు ఆగింది. లేబులు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. సంచిలోంచి ఒక చామంతి తీసి, ఏ వేళ్ల మధ్య పెట్టాలో సరిగ్గా అక్కడే పెట్టింది. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

‘అవ్వా, ముట్టుకోకూడదు!’

‘నేనెక్కడ ముట్టుకున్నాను నాయనా, పువ్వు పెట్టాను.’

ఇక్కడ మనం నిదానంగా ఆలోచించాలి. ప్రతిమాశాస్త్రం మీద పుస్తకాలు తిరగేసి, ఎవరో పండితుడు చెమటోడ్చి రాసిన మాటను ఈ అవ్వ చదవకుండానే అర్థం చేసుకుంది. అంతటితో ఆగకుండా ఆచరణలో చూపించింది. ఇటువంటి ప్రేక్షకులను ప్రోత్సహిస్తే లేబులు రాసేవారి గతి ఏమిటి? ఈ రోజు పువ్వు పెడతారు, రేపు కుంకుమ పెడతారు, ఎల్లుండి పీఠం మీద రూపాయి బిళ్ల వేస్తారు. ఆ రూపాయిని ఏ ఖాతాలో జమ చేయాలో చెప్పే నియమం ఏ దస్త్రంలో వెతకాలి? విగ్రహం గుడిలో ఉన్నంతకాలం దేవత. మన తలుపు దాటాక వస్తువు. వస్తువుకు నమస్కరించేవారిని అనుమానంగా చూడటం కాపలాదారు కనీస ధర్మం. ఆ శిల్పంతో మూడు తరాల చుట్టరికం ఉన్నట్టు ప్రవర్తించేవారి మీద ఇంకాస్త ఎక్కువ నిఘా ఉండాలి. అద్దం మీద వేలిముద్రలు పడేది వారివల్లే. గబగబా నడిచి, సెల్ఫీ తీసుకుని, మరుగుదొడ్డి ఎక్కడని అడిగి వెళ్లిపోయే పర్యాటకుడి వల్ల శిల్పానికి ఏనాడూ హాని లేదు. అతను దాన్ని చూడనే లేదు.

ఏర్పేడు మండలం గుడిమల్లంలో ఈ శాస్త్రీయ క్రమశిక్షణ ఏ మాత్రం లేదని చెప్పడానికి చింతిస్తున్నాను. అక్కడి అయిదడుగుల లింగం మీద, యక్షుడి భుజాలపై నిలబడి, చేత పొట్టేలు పట్టుకుని, భుజాన గొడ్డలి మోస్తున్న శివుణ్ణి చెక్కారు. చాలామంది పండితులు దాన్ని క్రీస్తుకు పూర్వపు పని అంటారు. దేశంలో దొరికిన అతి ప్రాచీన శివరూపాల్లో అదొకటి. ఆలయం పురావస్తు శాఖ రక్షణలో ఉంది, పూజారి హారతి కూడా ఇస్తున్నారు. పక్క పొలాల రైతులు వచ్చి దాన్ని తమ దేవుడంటున్నారు. అద్దం లేదు, చేతులు వెనక్కి కట్టుకోమనేవారు లేరు. అయినా ఆ శిల్పం ఇంతకాలం నిలిచిందంటే ఆ రాతి మొండితనమే తప్ప మన పద్ధతుల గొప్పతనం కాదు.

కొండ మీద చూసి నేర్చుకోమని కొందరు పోరుతున్నారు. అక్కడ ప్రకటనలు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషల్లో వినిపిస్తాయని, తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో పక్కన కూర్చున్నది ఎవరని అడగకుండా వడ్డిస్తారని వారి ఉపన్యాసం. నిజమే కావచ్చు. కానీ అక్కడికి జనం వస్తారు. మనకు రారు. రానివారి కోసం నాలుగు భాషల్లో లేబుళ్లు రాయడం ప్రజాధనం దుర్వినియోగం. లేబుళ్లు అర్థం కాక వారు రావడం లేదనే వితండవాదానికి జవాబు ఇవ్వను.

దివ్యాంగుల విషయంలో మాత్రం నేను కఠినుణ్ణి కాను. 2016 నాటి చట్టం ప్రజలు వచ్చే భవనాలన్నీ వారికి అందుబాటులో ఉండాలని చెబుతోంది, చట్టాన్ని గౌరవించాలి. ర్యాంపు కట్టాల్సిందే. ముందువైపు కడితే ముఖద్వారం అందం చెడుతుంది కనుక వెనకవైపు, జనరేటరు గది పక్కన కట్టాలి. దాని మీద సిబ్బంది మోటారు సైకిళ్లు నిలుపుకుంటే ర్యాంపు వృథాగా పడి ఉందన్న మాట కూడా రాదు. ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో ‘అనుభవ్’ పేరిట ఒక గది తెరిచి, చూపు లేనివారు చేతులతో తడిమి తెలుసుకునేలా శిల్పాల నమూనాలు పెట్టింది. రాజధాని వారికి ఆ తెగింపు చెల్లుతుంది. మన దగ్గర బ్రెయిలీ పలకలు చేయించి, దుమ్ము పట్టకుండా అద్దాల పెట్టెలో భద్రపరిస్తే సరిపోతుంది.

ఇక కళాకారులు. తిరుమల ఆలయంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి లోహ విగ్రహాలు చేతులు జోడించి నిలబడి ఉంటాయి. ఎవరు ఎవరో తెలిసేలా విగ్రహాల మీదే వారి పేర్లు చెక్కారు. పోత పోసినవాడి పేరేమిటని ఎవరూ అడగరు, అడగకపోవడమే సంప్రదాయం. శ్రీకాళహస్తిలో దీనికి గండి పడింది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్ట నానబెట్టి, చింతకట్టె బొగ్గుతో గీత గీసి, బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టిన నల్లరంగును వెదురు కలంతో దిద్దే కలంకారీ పనివారికి పేర్లు, ముఖాలు వచ్చేశాయి. 2008లో జొన్నలగడ్డ గుర్రప్పచెట్టికి పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇప్పుడు వారిని మ్యూజియానికి పిలవక తప్పదు. పిలుద్దాం. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం ఎలాగూ వస్తుంది. ఒక కలంకారీ కళాకారిణికి ప్లాస్టిక్ కుర్చీ వేసి, శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, అధికారులందరితో ఫోటో తీయించాలి. ఆ ఫోటోలో ఆమె ఏ మూలన నిలబడాలో ప్రోటోకాల్ నిర్ణయిస్తుంది. గోడ మీద ఏం వేలాడదీయాలి, దాని కింద ఏం రాయాలి అనే చర్చలోకి ఆమెను లాగడం అమర్యాద. మాధవమాల నుంచి కొయ్యబొమ్మలు చెక్కేవారు కూడా వస్తే గేటు బయట చెట్టు నీడ ఉండనే ఉంది.

అదే మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి వస్తుంటే ఊరంతా వీధిలోకి వచ్చేస్తుంది. మీసాలున్న మగవారు చీర కట్టి, పసుపు రాసుకుని, పూలు పెట్టుకుని అమ్మవారి ముందుకు వెళతారు. ఆడవారిని చెరిచిన పాలెగాణ్ణి గంగమ్మ వేషాలు మార్చి మార్చి వెతికి, దొర వేషంలో దొరికించుకుని తల తెగవేసిందని కథ. వేషం వేసినవారు దారిలో ఎవరినైనా బూతులు తిట్టవచ్చు, తిట్లు తిన్నవారు నవ్వుకుంటారు. టికెట్టు లేదు, సమయం లేదు, లేబులు అసలే లేదు. ఇంతటి జీవకళ వీధిలో అనాథగా తిరుగుతుంటే మ్యూజియం చేతులు ముడుచుకుని కూర్చోవడం తగదు.

కనుక జాతరకు ఒక ప్రత్యేక గది కేటాయించాలని నా సవినయ ప్రతిపాదన. అన్ని వేషాలూ బొమ్మలకు తొడిగి వరుసగా అద్దాల వెనక నిలబెట్టాలి. బండ వేషం పక్కన ‘నిశ్శబ్దం పాటించండి’ అనే బోర్డు కొంచెం పెద్ద అక్షరాల్లో ఉండాలి. తరతరాలుగా ఈ వేషాలు కడుతున్న కైకాల కుటుంబం వారు చూడటానికి వస్తే, రాయితీ ఏ కోవలో ఇవ్వాలన్నది తేలేదాకా వారు పూర్తి టికెట్టే కొనాలి. లేబులు నేనే ఉచితంగా రాసిపెడతాను: ‘పురుషుడు, స్త్రీ వేషంలో. వస్త్రం, పసుపు, కుంకుమ. కర్త: అజ్ఞాతం.’