లైటు ఆరింది కదండీ!

పాత కారులో ఇంజన్ బొమ్మ లైటు వెలిగితే మా కోనసీమలో శాస్త్రోక్తమైన వైద్యం ఒకటే. బ్యాటరీ టెర్మినల్ పీకడం, టీ తాగి రావడం, మళ్లీ బిగించడం. "ఆరింది కదండీ, ఆయ్" అని చెయ్యి చాపుతారు. ఇంత గొప్ప వైద్యానికి పద్మ పురస్కారం ఇంకా ఎందుకు రాలేదో!

పీకే ముందు సభ జరగాలి. మొన్న రావులపాలెం దగ్గర హైవే పక్క టీకొట్టు ముందు జరిగిన సభకి ఓ ముసలి కారు అధ్యక్షత వహించింది. బోనెట్ లేచింది. పాలకొల్లు వెళ్తూ ఆగినాయన "పెట్రోల్లో నీళ్లు కలిశాయండి" అన్నారు. అరటిగెలల వ్యాను డ్రైవరు "కాదు బాబాయ్, ఎలక వైరు కొరికేసింది" అని తేల్చేశాడు. (ఇది నమ్మొచ్చు. చేలు కోసేశాక ఎలకలు మాత్రం ఎక్కడికి పోతాయి పాపం!) ఇంకొకాయన బండి కొన్న ముహూర్తం అడిగారు. చివరికి ఓ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, ఇంజన్ వంక తేరిపార చూసి, "దీనికి వేడి చేసిందండి" అన్నారు. అందరూ తలూపారు. మజ్జిగ పట్టించమని ఎవరూ అనకపోవడం ఆ కారు అదృష్టం.

ఇంత జరుగుతున్నా స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ నోరు తెరుచుకునే ఉంది. 2013 నుంచి కొత్త కార్లకి ఓబీడీ-2 (బండి తన లోపాన్ని తానే కనిపెట్టి కోడ్‌గా రాసుకునే ఏర్పాటు) తప్పనిసరి చేసింది ఎందుకనుకున్నారో! ఆ సాకెట్‌కి స్కానర్ పెడితే పీ0301 అని చెబుతుంది, అంటే మొదటి సిలిండర్లో మిస్‌ఫైర్, పెట్రోలు సరిగ్గా మండట్లేదన్నమాట. ఆ సిలిండర్ ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ తీసి రెండో సిలిండర్‌కి మార్చి చూడండి. కోడ్ పీ0302 (రెండో సిలిండర్) అయిందా, దొంగ ఆ కాయిలే. కాకపోతే ప్లగ్గు చూడాలి. లోపం వచ్చిన క్షణాన ఇంజన్ ఎంత వేడి మీదుందో, ఎంత వేగంతో తిరుగుతోందో కూడా బండి కంప్యూటర్లో రాసిపెట్టి ఉంటుంది. టెర్మినల్ పీకితే అదంతా తుడిచిపెట్టుకు పోతుంది. దొంగలు పడ్డ ఇంటిని పోలీసులొచ్చేలోపే కడిగి ముగ్గేసినట్టు. లైటు ఆగాగి వెలుగుతున్నా అలాగే తోలారా, కాలని పెట్రోలు వెళ్లి, పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ని తినేస్తుంది. ఆ బిల్లు వచ్చినప్పుడు మనకి వేడి చేస్తుంది.

ఈ ఇంజన్ బొమ్మ పసుపు లైటుతో ఆగితే నవ్వుకుని ఊరుకుందును. ఎర్ర లైట్లకి కూడా టేపేస్తున్నారు. ఆయిల్ ప్రెజర్ లైటు వెలిగితే బండి పక్కకి తీసి అక్కడికక్కడే ఇంజన్ ఆపాలి. బ్రేకు లైటు వెలిగితే బ్రేక్ ఆయిల్ కారిపోతూ ఉండొచ్చు. వాటి మీద నల్లటేపు అంటించి, బండి కడిగి, పండక్కి ముందు అమ్మేస్తారు. కొన్నవాడు పిల్లల్ని ఎక్కించుకుని చీకట్లో కాలవగట్టు మీద వస్తాడు. ఓ పక్క కాలవ, ఓ పక్క చేను, మధ్యలో గోడైనా లేదు. అక్కడ బ్రేకు పడకపోతే ఎవడొస్తాడు? నువ్వొస్తావా? రూపాయి టేపు ముక్కతో ఓ కుటుంబాన్ని కాలవలోకి తోసేవాణ్ణి మెకానిక్ అంటారా, బ్రోకర్ అంటారా? మనిషనే అనరు.

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్తే స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పండి. ఈ లైట్లన్నీ ఓసారి వెలగాలి. వెలగనిది ఉంటే అదేంటని అడగండి. "ఈ మోడల్‌కి ఆ లైటు ఇవ్వలేదండీ, ఆయ్" అంటాడు.