రోడ్డు పెరుగుతోంది, మా ఇల్లు మునుగుతోంది

వాన వెలిసి గంట దాటినా మా పోర్టికోలో చెప్పులు ఇంకా తేలుతూనే ఉన్నాయి. నేను చీపురుతో నీళ్లు బయటికి తోస్తుంటే పక్కింటాయన గోడ మీదుగా తొంగిచూసి, "మీరు ఇల్లు ఇంకాస్త ఎత్తులో కట్టుకోవాల్సిందండీ" అన్నారు. ఎంత గొప్ప సలహా! ఇల్లు ఎత్తు పెంచడమంటే కుర్చీలో దిండు వేసుకోవడం అనుకున్నారు కాబోలు.

కట్టినప్పుడు ఎత్తుగానే కట్టాం సార్. గేటు రోడ్డు కంటే ఒక మెట్టు పైన ఉండేది. కొత్త తారు వేసే ముందు పాత పొరను గీకి తీసేయాలి. దానికి యంత్రాలున్నాయి, ఆ గీకిన తారును మళ్లీ వాడుకోవచ్చు కూడా. కానీ అంత ఓపిక ఎవరికి? పాతదాని మీదే కొత్తది పరిచేసి చేతులు దులుపుకుంటారు. పొరకు 40 మిల్లీమీటర్లు వేసుకున్నా నాలుగు పొరలకు 160. మా మెట్టు కాస్తా రోడ్డు మింగేసింది. మీ వీధిలో కూడా ఇదే కథ అని నాకు తెలుసు, చెప్పక్కర్లేదు.

రోడ్డును మధ్యలో ఉబ్బెత్తుగా, అంచులకు వాలుగా వేసేది నీళ్లు పక్క కాలువలోకి పోవడానికి. మరి మా కాలువ ఎక్కడుంది? ఈ సలహాదారు గారి సిమెంటు ర్యాంపు కింద! కారు లోపలికి ఎక్కడానికట. ఆ గేటు కూడా రోడ్డు మీదికే తెరుచుకుంటుంది, నడిచేవాళ్ల మోకాళ్లు ఏమైతే ఆయనకేం. ఇంటి చుట్టూ పిడికెడు మట్టి కనిపించకుండా టైల్స్ పరిచారు. 100 చదరపు మీటర్ల మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. మట్టయితే కొంతైనా పీల్చుకునేది. ఇప్పుడు వాళ్లింట్లో పడిన ప్రతి చుక్కా మా ఇంటికి చుట్టపుచూపుగా వస్తోంది.

అసలు ఈయనకు మట్టన్నా చెట్టన్నా మొదటినుంచీ పడదు. మా గోడ పక్కన పెద్ద చెట్టు ఉండేది. ఆకులు రాలుతున్నాయి, టైల్స్ పాడవుతున్నాయి అని రోజూ గొడవ. మేం ఊళ్లో లేనప్పుడు మనిషిని పెట్టి మొదలంటా నరికించేశారు. అడిగితే, "కొమ్మ మావైపు వచ్చిందండీ" అన్నారు. కొమ్మ వస్తే మొదలు నరుకుతారా? ఇన్నేళ్లయినా నాకు ఆ మంట చల్లారలేదు. వర్షం నీళ్లయితే రేపటికి ఆరిపోతాయి, ఆ చెట్టును ఎవరు తెచ్చిస్తారు?

ఇప్పుడు ఎండాకాలం వస్తే ఆయన కారు ఎక్కడ ఉంటుందో తెలుసా? వాళ్లింట్లో కాదు, మా గేటు అవతల నేను పెంచిన ఇంకో చెట్టు నీడలో. అంత కష్టపడి, కాలువ పూడ్చి మరీ ర్యాంపు కట్టుకున్నది దేనికి మరి? మొన్నటికి మొన్న, పిట్టలు కారు పాడుచేస్తున్నాయి, ఆ కొమ్మలు కాస్త కొట్టించమని కబురు పంపారు. కొట్టించను. ఈసారి ఊరికి కూడా వెళ్లను.