పోరంబోకు అని రాసేముందు

రెవెన్యూ రికార్డుల్లో రాళ్ల గుట్ట పేరు 'కొండ పోరంబోకు'. కంకర క్వారీకి లీజు అడిగేవాళ్లకు గానీ, ఇచ్చేవాళ్లకు గానీ అంతకుమించి వివరం అక్కర్లేదు. వేసవిలో గుత్తి, ఉరవకొండ, రాయదుర్గం వైపు బస్సులో పోతుంటే మనకూ అంతే కనిపిస్తుంది: మాడిన గుండ్లు, ఎండిన బోద, నాలుగు ముళ్లపొదలు.

రెండు పదును వానలు పడ్డాక అదే గుట్ట ఎక్కి చూడాలి. ఏడాదిలో ఎక్కువ నెలలు రాతి సందుల్లో గడ్డగా దాక్కున్న మొక్కలు అప్పుడు తలెత్తి, పూసి, కాసి, గింజ రాల్చి మళ్లీ మట్టిలోకి పోతాయి. జీవాలు మేపేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. గుట్టల మీది కుందేటి కొమ్ములనే మొక్క కాడలు తిని ఆకలి తీర్చుకోవడం వాళ్లకు తెలిసిన పనే. ఏప్రిల్‌లో జీపు దిగి గంటసేపు తిరిగే అధికారికి మాత్రం అక్కడ ఏమీ కనపడదు. ఏమీ లేదనే రాసుకుంటాడు.

చుట్టూ చేలు, నడుమ గుట్ట. గుండ్ల నీడన నిలిచే తేమను నమ్ముకున్న మొక్క వేరుశనగ చేలు దాటి పక్క గుట్టకు పోలేదు. ఒక్క గుట్ట పిండి అయితే, అక్కడి మొక్కకు మళ్లీ పుట్టే చోటు ఉండకపోవచ్చు. కదిరి దగ్గరి కలసముద్రం అడవిలోని హిల్డెగార్డియా చెట్టు అలాంటిదే. ఆంధ్ర, తమిళనాడు కొండల్లో అక్కడక్కడ తప్ప అది మరెక్కడా లేదు.

కడప కొండల సంగతి ఇంకోలా ఉంది. ఎర్రచందనానికి టాస్క్‌ఫోర్స్ ఉంది, కేసులున్నాయి, వేలం ఉంది. ధర పలుకుతుంది కాబట్టి దొంగలూ ఉన్నారు, కాపలా కూడా ఉంది. అదే వాలులో ఉండే తెల్లకరక, మొగి, కొండ సాంబ్రాణి చెట్ల గురించి అడిగే నాథుడు లేడు. కడప కొండల నుంచి 1883లో శాస్త్రలోకానికి పరిచయమైన పేరిత అనే సైకస్ జాతి చెట్టు మన శేషాచలం, కడప కొండలకే పరిమితం. సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే అంతర్జాతీయ వ్యాపారానికి అత్యంత కఠిన నిషేధమున్న జాబితాలో ఉంది. ఆడ, మగ చెట్లు వేర్వేరు. మందుకోసం మగ చెట్ల కంకులు కోసుకుపోతే ఆడ చెట్టుకు గింజ పట్టేదెలా? నన్నారి షర్బత్ కోసం మారెడు గడ్డలు మొదలంటా తవ్వేయడమూ ఇదే తీరు. గుట్టల మీద పచ్చదనం పేరుతో గుంతలు తీసి కానుగ నాటే ఉత్సాహాన్నీ కాస్త తగ్గించుకోవాలి. అక్కడ పచ్చదనం లేదన్నది మన చూపులోని లోపం.

మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం పంచాయతీ స్థాయి కమిటీలకు, మొక్కల రిజిస్టర్లకు దారి చూపింది. ప్రత్యేక ప్రాంతాలను వారసత్వ స్థలాలుగా ప్రకటించే అధికారం రాష్ట్రానికి ఇచ్చింది. ఏ గుట్టకు లీజు ఇవ్వాలన్నా ముందు వానాకాలంలో సర్వే జరగాలి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఈ కొండలను దశాబ్దాలుగా చూసిన వృక్షశాస్త్ర విభాగం ఉంది. వాళ్లతో పాటు ఊరి గొర్రెల కాపరినీ వెంట తీసుకెళ్లాలి. దీపావళి దాకా లీజు ఫైళ్లు ఆగితే మునిగిపోయేదేమీ లేదు.