ప్రయోగశాల కూడా పనిచోటే

విశాఖ శివారులోని ఎల్‌జీ పాలిమర్స్‌లో 2020 మే 7న స్టైరీన్ లీకైనప్పుడు, పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో 2025 జూన్ 30న పేలుడు సంభవించినప్పుడు ప్రభుత్వాలు విచారణ కమిటీలు వేశాయి, ఇతర పరిశ్రమల భద్రతపైనా చర్చ సాగింది. ఆలస్యంగానైనా, అరకొరగానైనా పరిశ్రమల్లోని రసాయనాలపై ఒక చట్టం, ఒక శాఖ నిఘా ఉన్నాయి. అదే బెంజీన్, అదే ఫార్మాల్డిహైడ్, అదే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు చేరితే అడిగే నాథుడు ఉండడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 2025లో రద్దయ్యేదాకా వస్తూత్పత్తి జరిగే చోటికే వర్తించింది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ప్రమాదకర ప్రక్రియలపై చేర్చిన అధ్యాయం కూడా ఫ్యాక్టరీ కార్మికుడి కోసమే. పాఠాలు చెప్పే ప్రయోగశాల ఆ లెక్కలోకి రాలేదు.

ఈ లోటు భారం మొదట పడేది ప్రొఫెసర్ల మీద కాదు, అటెండర్ల మీద. ఏ రసాయనం వాడాలో నిర్ణయించేది వారు కాదు. కానీ సీసాలు మోసేది, ఫ్లాస్కులో ఏం మిగిలిందో తెలియకుండానే దాన్ని సింకులో ఒంపి కడిగేది వారే. గాజు సామగ్రి శుభ్రం చేయడానికి పొటాషియం డైక్రోమేట్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి చేసే ద్రావణంలోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయి దశాబ్దాలు గడిచాయి. శరీర నిర్మాణ శాస్త్ర విభాగాల్లో ఫార్మాలిన్ తొట్ల నుంచి మృతదేహాలను పైకి తీసే సిబ్బంది పీల్చే ఫార్మాల్డిహైడ్‌దీ అదే వర్గం. ఇక లవణాల్లో ఏముందో పరీక్షించే సాల్ట్ అనాలిసిస్ చేసినవారెవరూ, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారుచేసే కిప్ పరికరం నుంచి వచ్చే కుళ్లిన గుడ్ల వాసనను మరిచిపోరు. గాలిలో ఆ వాయువు గాఢత సుమారు వంద పీపీఎంకు (పది లక్షల భాగాల్లో వందకు) చేరితే ముక్కు వాసన పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గింది కాబట్టి గండం గడిచిందని గదిలో ఉన్నవారు అనుకునే ఆ సమయంలోనే ప్రాణాపాయం ఎక్కువ.

ప్రమాదం జరిగాక మొదట తలెత్తే ప్రశ్న, బాధితులు ఎవరి ఉద్యోగులు అన్నది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2008 డిసెంబరు 29న 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు సిరంజితో టెర్ట్-బ్యూటైల్ లిథియం తీస్తుండగా పిస్టన్ ఊడిపోయింది. గాలి తగిలితే చాలు మండే ఆ ద్రవం, ప్రయోగశాల కోటు లేని ఆమె దుస్తులకు నిప్పంటించింది. పద్దెనిమిది రోజుల తర్వాత ఆమె మరణించారు. ఆమె విద్యార్థిని కాదు, జీతం తీసుకునే ఉద్యోగిని. అందువల్లనే కార్మిక భద్రతా చట్టం కింద విశ్వవిద్యాలయంపైనా, పర్యవేక్షక ప్రొఫెసర్‌పైనా నేరాభియోగాలు మోపడం సాధ్యమైంది. అమెరికా 1990లోనే ప్రయోగశాలల కోసం ప్రత్యేక ప్రమాణాలు తెచ్చి, లిఖితపూర్వక రసాయన భద్రతా ప్రణాళికను తప్పనిసరి చేసినా, అవి ఉద్యోగులకే పరిమితం. మన దగ్గర చిక్కు ఇంకా పెద్దది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రయోగశాలలో 2018 డిసెంబరులో జరిగిన పేలుడులో ఒక పరిశోధకుడు చనిపోగా ముగ్గురు గాయపడ్డారు. వారు ఆ ప్రయోగశాలతో ముడిపడిన ఒక అంకుర సంస్థ తరఫున పనిచేస్తున్నవారు. అవుట్‌సోర్సింగ్ అటెండరు గుత్తేదారు మనిషి, స్కాలరు ఫెలోషిప్ మనిషి. చివరికి విశ్వవిద్యాలయానికి ఎవరూ ఏమీ కారు.

జాగ్రత్త అంటే చేతికి ఏదో ఒక తొడుగు వేసుకోవడం కాదు. అమెరికాలోని డార్ట్‌మౌత్ కళాశాల ఆచార్యురాలు కారెన్ వెటర్‌హాన్ లోహ విషాలపై నిపుణురాలు. 1996 ఆగస్టులో ఆమె విషవాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, చేతికి తొడుగులు వేసుకునే పనిచేశారు. చేతిపై పడిన డైమిథైల్ మెర్క్యురీ అనే విషపూరిత పాదరస సమ్మేళనం చుక్కలు లేటెక్స్ తొడుగును క్షణాల్లో దాటి చర్మంలోకి ఇంకాయి. మరుసటి ఏడాది జూన్‌లో ఆమె కన్నుమూశారు. అంతటి నిపుణురాలికే తప్పని గతి, సీసా మీద పేరైనా లేని ద్రవాన్ని ఒట్టి చేతులతో మోసే మనిషికి ఎలా తప్పుతుంది? విద్యాసంస్థలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే గోడలకు సున్నాలు, గుమ్మాలకు తోరణాలు ప్రత్యక్షమవుతాయి. పాత సీసాలు సర్దిపెట్టే అల్మరాగా మారిన ఫ్యూమ్ హుడ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. తమ దగ్గర ఏముందో తమకే తెలియని విభాగాలు ఎంత చేటు తేగలవో 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్ చూపింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర విభాగం ఏళ్ల తరబడి వాడని గామా కిరణాల యంత్రాన్ని వేలంలో తుక్కు కింద అమ్మగా, అందులోని రేడియోధార్మిక కోబాల్ట్-60 తుక్కు దుకాణంలో పనిచేసే ఒకరి ప్రాణం తీసింది.

ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి, పదిమంది లేదా అంతకుమించి కార్మికులున్న సంస్థల యజమానులపై బాధ్యతలు పెట్టింది. జీతం కాక ఫెలోషిప్ అందుకునే స్కాలరు ఆ నిర్వచనంలో ఇముడుతారా అన్నది వాదానికి తావిచ్చే విషయమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ నిబంధనల్లో విశ్వవిద్యాలయ, కళాశాల ప్రయోగశాలలను పేరుపెట్టి చేర్చి, అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ జీతమిచ్చేది ఎవరైనా భద్రత బాధ్యత సంస్థదేనని స్పష్టం చేయాలి. డబ్బు లేదన్న సాకు కొంతవరకే చెల్లుతుంది. కొత్త ఫ్యూమ్ హుడ్‌కు లక్షలు కావచ్చు గానీ సీసాకు తెలుగులో చీటీ అంటించడానికి, రసాయనానికి తగిన తొడుగులు కొనడానికి, కళ్లు కడుక్కునే కుళాయి పెట్టడానికి, వ్యర్థాలను సింకులో పోయకుండా వేరుచేయడానికి కావాల్సింది ప్రధానంగా శ్రద్ధే. బెంజీన్, క్రోమియం తెచ్చే జబ్బులు ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడవచ్చు. అప్పటికి గుత్తేదారు మారిపోతాడు, అటెండరు పదవీ విరమణ చేస్తాడు. అందుకే ఎవరు ఏ రసాయనంతో ఎన్నేళ్లు పనిచేశారో, ఏటా జరిపిన వైద్య పరీక్షల్లో ఏం తేలిందో విశ్వవిద్యాలయమే నమోదు చేసి దశాబ్దాలపాటు భద్రపరచాలి, దాని ప్రతిని ఆ కార్మికుడి చేతికీ ఇవ్వాలి.