అసలు మనదే, కొసరూ మనదే

మొన్న ఆదివారం సాయంత్రం పప్పుచారు పోపుకి ఇంగువ లేదని తేలింది. "రెండు నిమిషాల్లో తెస్తా" అని చెప్పులు వేసుకుని బయల్దేరాను. తిరిగొచ్చేసరికి చారు కాగి, భోజనాలై, గిన్నె కడిగి బోర్లించి ఉంది. యాభై గ్రాముల ఇంగువ డబ్బీ కోసం గంటా పది నిమిషాలు ఏం చేశారని ఇంట్లో అడిగారు. నోటిమాటతో తేలే విషయం కాదు కాబట్టి లిఖితపూర్వకంగా సమర్పించుకుంటున్నాను.

ముందు కొసరు గురించి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

చిన్నప్పుడు మా అమ్మమ్మ వెంట కిరాణా కొట్టుకి వెళ్ళేవాణ్ణి. కొట్టాయన తక్కెడలో కందిపప్పు పోసి, ముల్లు నిలబడ్డాక, పొట్లం కట్టబోతుంటే ఆవిడ ఒక్క మాట అనేది. "కొసరు వెయ్యి నాయనా." ఆయన ముఖం చిట్లించి ఇంకో గుప్పెడు పప్పు అందులోకి విసిరేవాడు. ఆ ముఖం చిట్లించడం కూడా వ్యాపారంలో భాగమే, పప్పుతో పాటు అదీ ఉచితం. ఆయనేమీ సత్యహరిశ్చంద్రుడు కాదు. సామాన్లు పెట్టే తక్కెడ పళ్ళెం అడుగున చింతపండు అంటిస్తాడని ఊరంతా అనుకునేది. వడ్లు కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, ఆ తర్వాత "రెండు", "మూడు" అంటారు కదా. ఆ లాభం ఎవరికో పైకి చెప్పరు. అలాగే మా కొట్టాయన తూకంలో తీసుకున్నది కొసరులో తిరిగిచ్చేవాడు, లెక్క ఎక్కడో సరిపోయేది. మొత్తానికి సూత్రం ఒకటే. కొసరు అమ్మేవాడి చేతిలోంచి కొనేవాడి సంచిలోకి పడుతుంది. నీరు పల్లమెరుగు.

ఆదివారంనాటి నా పరిశోధనలో తేలిందేమిటంటే, ఆ నీరు ఇప్పుడు ఎత్తుకి పారుతోంది.

మా వీధి చివరి కిరాణా కొట్టు మూతపడి, అదే స్థలంలో ఓ సూపర్ మార్కెట్ వెలిసి నాలుగేళ్ళయింది. లోపలికి అడుగుపెట్టగానే సెక్యూరిటీ అతను నా చేతిలోని గుడ్డసంచి వైపు చూశాడు. ప్లాస్టిక్ వాడొద్దని ప్రభుత్వం చెబితే బుద్ధిగా మడిచి తీసుకెళ్ళిన సంచి అది. అతను దాన్ని దులిపి, లోపల ఏమీ లేదని రూఢి చేసుకుని, ఏమీ లేని ఆ సంచి మూతికి ఓ ప్లాస్టిక్ పట్టీ బిగించి నా చేతిలో పెట్టాడు. పర్యావరణం అలా క్షేమంగా లోపలికి వచ్చింది.

లోపల ఇంగువ ఎక్కడుందో నాకు తెలుసు. పోయిన నెల దాకా పసుపు, కారం ప్యాకెట్ల పక్కన ఉండేది. ఇప్పుడు అక్కడ పిల్లల డైపర్లున్నాయి. వీళ్ళు కొన్నాళ్ళకోసారి అరలన్నీ అటుదిటు ఇటుదటు మారుస్తారు. వెతుక్కుంటూ తిరిగితే నాలుగు అనవసరమైనవి చేతికి తగులుతాయని వాళ్ళ నమ్మకం. నా ట్రాలీ సాక్షిగా ఆ నమ్మకం వమ్ము కాలేదు.

యూనిఫాం వేసుకున్న ఓ కుర్రాణ్ణి అడిగాను. "నాది సోపుల సెక్షన్ సార్" అన్నాడు. పక్కనే నిలబడ్డ అమ్మాయిని "ఇంగువ ఎక్కడుందమ్మా?" అని అడిగితే, "సార్, ఈ షాంపూ రెండు తీసుకుంటే మగ్గు ఫ్రీ" అంది. ఆ అమ్మాయి కొట్టు మనిషి కాదు, షాంపూ కంపెనీ మనిషి. నా తల వైపు చూసి ఉంటే ఆ మాట అనేది కాదు.

కొనేవాడే అరల మధ్య తిరిగి సామాను ఏరుకునే ఈ పద్ధతి 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో మొదలైంది. క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి ఘనత అది. అంతకుముందు కౌంటర్ దగ్గర చీటీ చదివితే గుమాస్తా తెచ్చి ఇచ్చేవాడు. ఆ గుమాస్తా పనిని కొనేవాడి చేతే చేయించవచ్చనీ, పైగా అతను దాన్ని స్వేచ్ఛ అనుకుంటాడనీ సాండర్స్ గ్రహించాడు. కొసరు ఎదురు పారడం అక్కడే మొదలైందని నా సిద్ధాంతం. 1937లో ఓక్లహామా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే ఇంకో కొట్టు యజమాని చక్రాల బండి పెడితే జనం దాన్ని తోయడానికి నామోషీ పడ్డారట. చివరికి ఆయన డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టుకుని, కొనేవాళ్ళలాగా కొట్టంతా తోయించాడు. మా మార్కెట్లో ఆ ఖర్చు లేదు. ఇంటిల్లిపాదీ కలిసి ఒకే ట్రాలీ తోస్తారు. భర్త ముందు లాగుతాడు, భార్య వెనక నెడుతుంది, అత్తగారు పక్కన నడుస్తూ ధర చూసి నిట్టూరుస్తారు. ట్రాలీలో కూర్చున్న బాబు చిప్స్ ప్యాకెట్ విప్పి తింటూ ఉంటాడు. బిల్లు దగ్గరికి చేరేసరికి ఖాళీ కవరే స్కానింగ్‌కి వస్తుంది.

కందిపప్పు వరసలో రెండు ట్రాలీలు ఎదురెదురుగా ఆగి ఉన్నాయి.

"ఏం వదినా, బొత్తిగా నల్లపూసైపోయావ్!"

"ఎక్కడ వదినా, పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం."

"అబ్బాయి ఎక్కడుంటాడు?"

"కొంచెం జరుగుతారా అండీ" అన్నాను. ఇద్దరూ ఎంతో మర్యాదగా జరిగారు, ఒకరి వైపు ఒకరు. ఉన్న కాస్త సందూ మూసుకుపోయింది. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడనీ, జాతకాలు కుదిరాయనీ, ఎత్తే కాస్త తక్కువనీ తెలుసుకున్నాకే నాకు దారి దొరికింది.

ఇంతలో ఇంటి నుంచి ఫోను. "ఎలాగూ వెళ్ళారు కదా..." ఈ మూడు మాటలతో మొదలైన ఏ ఫోనూ ఒక్క వస్తువుతో ముగిసినట్టు మా ఇంటి చరిత్రలో లేదు. అర కేజీ బెండకాయలు, బొంబాయి రవ్వ, నూనె, పిల్లకి బిస్కెట్లు.

నూనె దగ్గర కాసేపు ఆగాలి. అన్నీ లీటరు ప్యాకెట్లలాగే కనిపిస్తాయి, అదే ఎత్తు, అదే పొద్దుతిరుగుడు పువ్వు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. తిప్పి చూస్తే ఒకదాని మీద 850 అనీ, ఇంకోదాని మీద 800 అనీ ఉంది. ఒకప్పుడు నూనె, బిస్కెట్లు, టీపొడి, సబ్బుల్లాంటి వాటిని ఏయే బరువుల్లోనే అమ్మాలో చట్టమే చెప్పేది. 2021లో తూనికలు కొలతల నిబంధనల్ని సవరించి ఆ జాబితా తీసేశారు. బదులుగా గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద అచ్చు వేయాలన్నారు. వేశారు కూడా. ప్యాకెట్ అతికించిన చోట, ముడతలో, చీమ కాళ్ళంత అక్షరాల్లో. నేను కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చదివాను. వెనకాయన నన్ను ఆఫీసరనుకుని పక్కకి తప్పుకున్నాడు. లీటరులో తగ్గిన ఆ అరవై, నూటపది గ్రాములు ఏమయ్యాయంటారా? అదే కొసరు. ఈసారి వేసింది మనం. ముఖం చిట్లించే అవకాశం కూడా ఇవ్వకుండా వేయించుకున్నారు.

కూరగాయల దగ్గర మాత్రం జనం ఓటమి ఒప్పుకోలేదు. ఒకావిడ బెండకాయ కొసలు ఒక్కొక్కటే టక్‌మని విరిచి, విరిగినవి తను తీసుకుని, విరగనివి నాలాంటి వాళ్ళకి వదిలేస్తోంది. ఇంకో పెద్దమనిషి, చూస్తే రిటైరైన హెడ్మాస్టారులా ఉన్నారు, క్యాబేజీ పైఆకులు ఒలిచి బల్ల కిందకి జారవిడుస్తున్నారు. ఇంకా ఒలిచారు. ఒలుస్తూనే ఉన్నారు. కాకరకాయంత క్యాబేజీ మిగిలాక తృప్తిగా తూకానికి పంపారు. నాతో కళ్ళు కలిసినప్పుడు ఆయన సిగ్గుపడలేదు, నేనూ తప్పుపట్టలేదు. అమ్మమ్మ ఉంటే ఆయనకి వీరతాడు వేసేది.

తూకం కుర్రాడు టీకి వెళ్ళాడు కాబట్టి నేను తూకం లేకుండానే బిల్లింగ్‌కి వెళ్ళాను. ఈ తప్పుకి శిక్ష తర్వాత పడింది.

ఎనిమిది కౌంటర్లున్నాయి. మూడు పనిచేస్తున్నాయి. మిగతా ఐదూ ఎవరి జ్ఞాపకార్థం కట్టించారో తెలియదు. నా వరసలో ముందు మనిషి లేడు, ట్రాలీ మాత్రమే ఉంది. దాని యజమాని ఇంకా లోపల కొంటూనే ఉన్నాడు, నిమిషానికోసారి వచ్చి ఓ పెరుగు డబ్బా, ఓ చీపురు అందులో వేసి వెళ్తున్నాడు. అంతలో ఒకాయన "ఒక్కటే ఐటమ్ సార్, ప్లీజ్" అంటూ సబ్బు చూపించి నా ముందుకి వచ్చాడు. సరేనన్నాను. సబ్బు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగి "ఏమేవ్, ఇటు రా!" అని కేకేశాడు. నిండు ట్రాలీతో ఆవిడ వచ్చింది.

నా వంతు వచ్చింది. "సార్, ఫోన్ నంబర్?"

నిజానికి ఈ ప్రశ్నకి నేను నెలల తరబడి సిద్ధమై ఉన్నాను. బిల్లు వేయడానికి ఫోన్ నంబరు ఇవ్వాలని కొనేవాళ్ళని బలవంతపెట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. అదే మాట గంభీరంగా చెప్పాను. కౌంటర్లో అమ్మాయి నా వైపు జాలిగా చూసింది. "నంబర్ కొట్టకపోతే సిస్టమ్ ముందుకి పోదు సార్." నా వెనక పదిహేను మంది. వాళ్ళలో ఒకరు "ఇచ్చెయ్యండి సార్, ఏం పోతుంది" అన్నారు. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. పొద్దుటి నుంచీ నిలబడే ఉంది, కూర్చోవడానికి అక్కడ స్టూలు కూడా లేదు, సిస్టమ్ ఆవిడ రాసిందీ కాదు. పది అంకెలూ చెప్పాను, గట్టిగా, ఎందుకంటే మొదటిసారి వినపడలేదంది. ఇప్పుడు నా నంబరు ఆ పదిహేను మందికీ కంఠతా వచ్చు.

"బెండకాయలకి స్టిక్కర్ లేదు సార్." ఇదే ఆ శిక్ష. వెళ్ళి, తూయించి, వచ్చేలోపు వెనకవాళ్ళు నా గురించి ఏమనుకున్నారో వాళ్ళ ముఖాల్లోనే ఉంది.

"క్యారీ బ్యాగ్ కావాలా సార్?"

"వద్దు, సంచి ఉంది" అని గుడ్డసంచి బయటికి తీశాను. మూతికి పట్టీ. కత్తెర అడిగాను. ఏడో కౌంటర్లో ఉందట, ఏడో కౌంటర్ మూసి ఉందట, తాళం సూపర్‌వైజర్ దగ్గరట. చేతిలో సంచి ఉండగా పన్నెండు రూపాయలు పెట్టి సంచి కొన్నాను. దాని మీద వాళ్ళ కొట్టు పేరు నా అరచేతంత అక్షరాల్లో ఉంది. ఆ ప్రకటనని వీధంతా ఊరేగించినందుకు వాళ్ళు నాకివ్వాలి, నేనిచ్చాను. సంచికి డబ్బులు తీసుకుంటామని ముందే చెప్పకుండా బిల్లు దగ్గర వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో ఓ కేసులో తేల్చింది. ఇక్కడ ముందే చెప్పారు. గుమ్మం దగ్గర బోర్డు ఉంది, దాని ముందు దీపావళి ఆఫర్ బెలూన్లు కట్టారు, అంతే.

నోట్లు ఇచ్చాను. రెండు రూపాయలు తిరిగి రావాలి. రెండు చాక్లెట్లు వచ్చాయి. వీటికీ నేను సిద్ధమయ్యే వచ్చాను. ఇదివరకటివి తొమ్మిది జేబులో ఉన్నాయి, ఇవి రెండు, మొత్తం పదకొండు. అన్నీ బల్ల మీద పరిచి "ఈ పదకొండు రూపాయలకి బెల్లం ముక్క ఇవ్వమ్మా" అన్నాను. ఆ అమ్మాయి పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్విందేమో, కిసుక్కుమంది. "ఇవి నడవవు సార్." అర్ధరూపాయి బిళ్ళ చట్టప్రకారం ఈ దేశంలో ఇంకా చెల్లుతుంది, ఎవరూ తీసుకోరు. చాక్లెట్ ఏ చట్టంలోనూ లేదు, అందరూ ఇస్తారు, తిరిగి ఎవరూ తీసుకోరు. కరగడానికి సిద్ధంగా ఉన్న ఏకైక నాణెం ఇదే.

బయటికి వచ్చే దారిలో, కౌంటర్‌కి ఆరడుగుల దూరంలో, మళ్ళీ అదే సెక్యూరిటీ అతను. ఆ ఆరడుగుల్లో నేను ఏ బియ్యం బస్తా సంచిలోకి ఎక్కించగలనో అతనికే తెలియాలి. బిల్లు తీసుకున్నాడు. సంచిలోకి చూడలేదు, బిల్లులోకీ చూడలేదు, గోడ మీది టీవీలో క్రికెట్ చూస్తూ మధ్యలో చిల్లు పొడిచి ఇచ్చాడు. చిల్లు సరిగ్గా ఇంగువ ధర మీద పడింది. అది ఎంతయిందో ఇప్పటికీ ఇంట్లో చెప్పలేకపోతున్నాను.

వీధి మలుపు తిరుగుతుంటే ఫోన్ టింగుమంది. నాకు నాలుగు పాయింట్లు వచ్చాయట. ఎన్ని పోగైతే ఏమిస్తారో రాయలేదు. దాని వెనకే ఎవరో పర్సనల్ లోన్ ఇస్తామన్నారు. ఆదివారం సరుకులు చూసి నా పరిస్థితి వాళ్ళకి అర్థమైనట్టుంది.

మలుపులో తోపుడు బండి మీద ఆకుకూరలు అమ్మే ఆమె ఉంది. కొత్తిమీర కూడా తీసుకుపోతే ఇంట్లో కాస్త శాంతిస్తారని ఆగాను. "ఎంతమ్మా కట్ట?"

"పదిహేను సారూ."

ఇచ్చాను. ఆమె కట్ట మీద నీళ్ళు చల్లి, దులిపి, నా చేతిలో పెట్టి, నేనేమీ అడక్కుండానే రెండు కరివేపాకు రెబ్బలు దాని మీద వేసింది.

నాకేం చేయాలో తోచలేదు. అలవాటు కొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"తొమ్మిది, ఎనిమిది, నాలుగు, ఎనిమిది..."

"గిదేం లెక్క సారూ?" అంది ఆమె.