144 మెట్లు ఎగ్గొట్టిన మోటారు గారికి

కంప్యూటరులో గీసిన బొమ్మని చెక్క మీద చెక్కే మన మిషనుని, మెట్టు మెట్టుగా తిరుగుతా కుడి ఎడమలకి నడిపించే మహారాజశ్రీ ఎక్స్ యాక్సిస్ స్టెప్పర్ మోటారు గారి దివ్యసముఖమునకు, తిరుపతిలో మన రేకుల షెడ్డులోనే, తమకి రెండడుగుల దూరంలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరు మాత్రం క్షేమమే, ఇందాకే చెయ్యి పెట్టి చూసినాను, వెచ్చగా హాయిగా ఉండారు.

జరిగింది తమకు తెలియదు. అసలు తమకు ఏదీ తెలియదు, అదే కదా నా ఏడుపు.

గురువారం చంద్రగిరిలో మా అత్త గృహప్రవేశం. గుమ్మం మీదకి శంఖం, నామం, చక్రం ఉన్న టేకు పలక నేనే చేసిస్తానని నోరు జారినాను, ఆమె అప్పటినుంచి చుట్టాలందరికీ ఫోన్లు చేసి మా మేనల్లుడు సొంతంగా మిషను కట్టినాడు, దాంతోనే చెక్కిస్తాండాడు అని చెప్పుకుంటాంది. ఈ పొద్దు ఆదివారం, పొద్దున్నే మొదలుపెట్టినాం. శంఖం అద్దంలాగా వచ్చింది. నామం సగం దాకా వచ్చింది. అప్పుడు తమరు ఒక్కసారి "గుర్ర్" మన్నారు, అంతే, మిగతా సగం నామం, దాని వెనకే చక్రం మొత్తం 3.6 మిల్లీమీటర్లు ఎడమకి జరిగిపోయినాయి. వెర్నియర్ పెట్టి మూడుసార్లు కొలిచినాను, ఎక్కడన్నా తగ్గుతుందేమోనని. వడగలై నామం యు లాగా ఉంటాది, తెంగలై నామం వై లాగా ఉంటాది, ఆ రెండింటికే ఎన్నో తరాలుగా కోర్టుల దాకా పోయి కొట్టుకున్నారు, తమరు మూడో రకం కనిపెట్టినారు స్వామీ. చెక్క మీద పెట్టమన్న నామాన్ని తెచ్చి నాకు పెట్టినారు.

తప్పడం తప్పు కాదు అబ్బా. ఎవురు తప్పరు. కానీ తప్పినాను అని ఒక్క మాట చెప్పొచ్చు కదా? స్క్రీను మీద తమరు ఉన్న చోటు చూస్తే ఎక్స్ 240.000 అని మూడు సున్నాలతో సహా ధీమాగా ఉండాది. మిషనుకి మెదడులాంటి ఆర్డ్యునో బోర్డు ఏమో నేను పల్సులు, అంటే కదలమని సైగలు, పంపినాను, పని అయిపోయింది అనుకుంటాది. ఆ సైగల ప్రకారం తమకి కరెంటు ఇచ్చే డ్రైవరు బోర్డు ఏమో నేను కరెంటు ఇచ్చినాను, నా డ్యూటీ అయిపోయింది అనుకుంటాది. తమరు తిరిగినారా లేదా అని అడిగే నాథుడు ఈ మొత్తం వ్యవస్థలో ఒక్కడు లేడు. దీన్ని ఓపెన్ లూప్ అంటారంట, పేరు బాగుండాది. మా ఇంట్లో దీన్ని "అడగనిది ఎందుకు చెప్తారులే" అంటాము.

మాధవమాలలో ఉలి పట్టుకుని కొయ్యబొమ్మలు చెక్కేవాళ్ళని చూసినాను, ఉలి ఒక నూలు జారితే వాళ్ళ చేతికి వెంటనే తెలుస్తాది, ఆగిపోతారు, ఆ జారినచోట ఒక ఆకో మొగ్గో చెక్కేసి కప్పేస్తారు. మన ఇద్దరి తప్పు అట్ట కాదు. నామం తప్పినాక కూడా తమరు ఆపకుండా చక్రంలో ఒక్కో ఆకూ, ఒక్కో జ్వాలా ఎంత శ్రద్ధగా చెక్కినారంటే, నలభై నిమిషాలు, ఒక్కటి కూడా వంకర లేకుండా, అంతా తప్పు చోట.

లెక్క చెప్తాను వినండి, తమకి లెక్క అంటే ఇష్టం కదా. తమకి ఒక చుట్టుకి 200 స్టెప్పులు, అంటే మెట్లు, ఒక్కో స్టెప్పు 1.8 డిగ్రీలు. తమరు తిప్పే పొడుగాటి మర, మన బాల్ స్క్రూ, ఒక చుట్టుకి 5 మిల్లీమీటర్లు నడుస్తాది, అంటే ఒక స్టెప్పుకి 0.025. మరి 3.6 అంటే 144 స్టెప్పులు. తమరు తప్పేటప్పుడు కూడా ఒకటీ అరా తప్పరు, నాలుగేసి చొప్పున తప్పుతారు, ఎందుకంటే తమ లోపలుండే తీగచుట్లు, అదే కాయిళ్ళ వరస నాలుగు స్టెప్పులకి ఒకసారి మొదటికొస్తాది, పట్టు జారితే మళ్ళీ అదే వరస దొరికేచోటే పోయి కూర్చుంటారు. 144 ని నాలుగుతో భాగిస్తే 36, శేషం సున్నా. అంటే ఇది తమ షాఫ్టునీ స్క్రూనీ కలిపే కప్లర్ జారి చేసిన పని కాదు, చెక్క కదలడమూ కాదు, వేలిముద్రలతో సహా తమరే.

అలిపిరి నుంచి కొండకి 3550 మెట్లు. మెట్లపూజ మొక్కుకున్న ముసలామె వంగి వంగి ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించుకుంటా పోతాది. మోకాళ్ళ పర్వతం దగ్గర నేనైతే రెయిలింగు పట్టుకుని వేలాడతాను, ఆమె అక్కడ కూడా ఒక్క మెట్టు వదలదు. అదే 3550 స్టెప్పులు తమకి ఎంత దూరం? 88.75 మిల్లీమీటర్లు. బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. ఆ దూరంలో తమరు 144 ఎగ్గొట్టేసి పైకి పోయి దర్శనం అయిపోయింది అంటాండారు.

ఇంక మధ్యాహ్నం నేను పడిన పాట్లు. షాఫ్టుకీ కప్లర్‌కీ అడ్డంగా మార్కరుతో గీత గీసినాను, కప్లర్ జారుంటే గీత విరగాల, విరగలేదు. చెక్కే బిట్టుని తిప్పే స్పిండిల్ వైరు పక్కన పోతాంది కదా, దాని కరెంటు గోల (నాయిస్) సైగల్లో కలుస్తాందేమో అని కేబుళ్ళన్నీ విప్పి విడివిడిగా కట్టినాను. డ్రైవరు మీద చిన్న స్విచ్చిలు టార్చి వేసుకుని చూసి కరెంటు సెట్టింగు సరిచూసినాను (ఆ స్విచ్చిలు చీమలకోసం చేసినారేమో, మనుషుల గోళ్ళకి అందవు). మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, దాని గురించి మాట్లాడను. ఈలోగా సంగటి గట్టిపడిపోయింది, నాటుకోడి పులుసు మీద నూనె పేరుకుంది. అమ్మ వచ్చి చూసి ఒక్క మాటలో తేల్చేసింది, "కోడికూర తినేరోజు నామం చెక్కితే ఇట్ట కాక ఎట్టవుతాది?" అని. పొద్దున తినకముందే తప్పింది కదమ్మా అంటే, "తినాలని మనసులో ఉండాది కదా" అనింది. దానికి నా దగ్గర జవాబు లేదు, తిన్నాక పెట్టిన రెండో చెక్క కూడా 2.1 పోయింది.

టేకు కాబట్టి సరిపోయింది, ఎర్రచందనం అయ్యుంటే ఈపాటికి టాస్క్‌ఫోర్సు వాళ్ళు కూడా వచ్చి షెడ్డులో కూర్చునేవాళ్ళు.

సాయంత్రానికి దొరికింది. కొనేటప్పుడు తమ వివరాల్లో 19 కేజీ సెంటీమీటర్లు అని రాసుండారు, నేను ఆ అంకె చూసే పడిపోయినాను. అది హోల్డింగ్ టార్క్ అంట, అంటే నిలబడున్నప్పుడు బలం. మా వీధిలో అరుగు మీద కూర్చుని రాజకీయం మొత్తం నడిపే పెద్దాయన ఒకడుండాడు, పాలపాకెట్టు తెచ్చిపెట్టు తాతా అంటే మోకాలు నొప్పి అంటాడు, అచ్చం అట్ట. ఖాళీ ప్రయాణం నిమిషానికి 3000 మిల్లీమీటర్లు పెట్టుకున్నాం, 5 మిల్లీమీటర్ల స్క్రూకి అది నిమిషానికి 600 చుట్లు. ఆ స్పీడులో కాయిల్లోకి కరెంటు పూర్తిగా ఎక్కేలోపే తీసేసి పక్క కాయిలుకి ఇయ్యాల్సి వస్తాది, మనదేమో 24 వోల్టుల సప్లై, తోసే బలం చాలదు, టార్క్ సగం దారిలోనే దిగిపోతాది. చెక్కేటప్పుడు కాదు తమరు తప్పింది, చేతిలో ఏ పనీ లేకుండా గాల్లో ఒక చోటినుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు. ఖాళీగా పోతా తూలి పడినావా నాయనా నువ్వు?

సరే, ఇంక మీరు గీరు లేదు. స్పీడు 1500 కి దించినాను, యాక్సిలరేషన్ 500 నుంచి 150 కి దించినాను, అంటే ఇంక నువ్వు ఎద్దులబండి. ఇటు నుంచి అటు యాభైసార్లు తిప్పి డయల్ గేజి పెట్టి చూసినాను, ముల్లు కదల్లేదు. వచ్చే నెల 36 వోల్టుల సప్లై వస్తాది. అప్పుడూ ఇదే పని చేసినావంటే తిరిగిందా లేదా అని తనే చూసుకునే ఎన్‌కోడర్ ఉన్న మోటారు వస్తాది, అది తప్పితే అక్కడే ఆగిపోయి అలారం కొడతాదంట, నిన్ను తీసుకుపోయి మిద్ది మీద బోరు పైపుల పక్కన పడేస్తాను. బెదిరింపు అనుకోబాక.

ఇప్పుడు రాత్రి పదిన్నర. మూడో చెక్క నడుస్తాంది. శంఖం అయింది, నామం మూడు గీతలూ ఎక్కడివక్కడే ఉండాయి, చక్రం సగంలో ఉండావు, నేను ఊపిరి కూడా చిన్నగా పీల్చుకుంటాండా.

పాడైన రెండు చెక్కల్ని ఏం చెయ్యాల్నో తెలియక పొయ్యిలోకి అన్నాను. అమ్మ నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. నామం ఉన్నదాన్ని కాలుస్తారా అనింది. పారేయకూడదు, కాళ్ళ కింద పడకూడదు, ఉల్లిగడ్డలు తరిగే పలక చేసుకుందామంటే అసలే కూడదు. రెండింటినీ తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టేసింది. ఇందాక నీళ్ళకని లోపలికి పోతే, తెగిపోయిన ఆ నామానికి పసుపు, కుంకుమ పెట్టి, మధ్యలో నువ్వు ఎగ్గొట్టిన 3.6 మిల్లీమీటర్ల సందులో ఒక నందివర్ధనం పువ్వు గుచ్చి ఉండాది.